తిమ్మప్ప దిగేదాంక కరెంటు ఇయ్య

గద్వాల కొత్త జిల్లా అయిన తర్వాతి ఎండాకాలం నన్ను రాజోలి దిక్కు ఒక సబ్‌స్టేషన్‌కు ఆపరేటర్‌గా వేసిన్రు. ఊరి పేరు చెప్పను. ఆ ఊరోళ్ల తప్పేం లేదు.

మా పనిలో ఒక్క సంగతి తెలిస్తే చాలు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు మా దగ్గర లైన్ క్లియర్ తీసుకుంటడు. ఎల్‌సీ అంటం. అంటే, ఆపరేటర్ ఆ లైన్ బంద్ చేసి, నువ్వు చెప్పేదాంక కరెంటు ఇయ్య అని మాటిచ్చినట్టు. ఎల్‌సీ తీసుకున్నోడే మళ్లీ వాపస్ ఇయ్యాలె. ఇంకెవరు చెప్పినా చెల్లదు.

మా లైన్‌మన్ తిమ్మప్ప ఎల్‌సీ తీసుకున్నప్పుడల్లా ఒట్టెయ్యన్నా అనేటోడు. మేం క్రైస్తవులం, మా ఇంట్ల ఒట్లు లేవు. ఒట్టు లేదు తమ్మీ, మాటే అనేటోణ్ణి. నవ్వుకుంట పోయేటోడు.

ఒకనాడు గాలిదుమారానికి తీగ తెగితే, తిమ్మప్ప పొద్దున్నే ఎల్‌సీ తీసుకుని పోయిండు. మధ్యాహ్నం ఊర్ల ఒక లీడర్ సభ. మైకులు, కూలర్లు అన్నీ ఆ లైన్ మీదనే. మా ఏడీఈ, అంటే సబ్‌డివిజన్ మొత్తానికి ఆఫీసర్, ఫోన్ చేసి లైన్ ఇయ్యమన్నడు. తిమ్మప్ప చెప్పలే సార్ అన్న. పని అయిపోయిందని కాంట్రాక్టర్ చెప్పిండు, ఇయ్యి అన్నడు. తిమ్మప్ప ఫోన్ ఎంత చేసినా కలుస్తలేదు. ఇయ్య అని చెప్పిన.

ఏడీఈ జీపేసుకుని వచ్చిండు. అందరి ముంగట, “సభకు కరెంటు నీ యేసుప్రభువు వచ్చి ఇస్తడా?” అన్నడు. ఒళ్లు మండింది. మనిషి తీగల మీద ఉంటే కూలర్ల కోసం మొత్తుకునే నోటికి ఆ పేరెందుకు? కంట్రోల్ రూమ్‌కు తాళమేసి, తాళంచెవి జేబులేసుకున్న. ప్రమోషన్ లిస్టుల నీ పేరుంది, యాది పెట్టుకో అన్నడు. రిటైరయ్యేలోపు లైన్ ఇన్‌స్పెక్టర్ కావాలని ఎన్నేండ్ల నుంచో చూస్తున్న.

పొద్దువాలినంక తిమ్మప్ప వచ్చిండు. ఇంకో స్తంభం మీద ఇన్సులేటర్ పగిలితే అదీ మార్చిండట. ఫోన్‌ల చార్జింగ్ లేదట. సభ నడిచినంతసేపు పైననే ఉన్నడు. ఎల్‌సీ వాపస్ ఇచ్చినంకనే తాళం తీసి లైన్ ఇచ్చిన.

ఎంక్వైరీ నామీద పెట్టిన్రు. మధ్యాహ్నమే ఫోన్‌ల వాపస్ ఇచ్చిన, ఆయననే కావాలని లైన్ ఆపిండు అని సాక్ష్యం చెప్పిందెవరు? తిమ్మప్పనే! బిడ్డ మీద ఒట్టేసి మరీ చెప్పిండు. నౌకరి ఇంకా పర్మనెంట్ కాలే, బెదిరించి చెప్పించిన్రు. థూ, ఏం బతుకులు! నా ప్రమోషన్ పోయింది. గట్టు మండలానికి బదిలీ చేసిన్రు. నా దగ్గర పని నేర్చుకున్నోళ్లు నాకే ఆఫీసర్లయిన్రు.

బదిలీ మీద పోయే ముందు, ఆ పాత సబ్‌స్టేషన్ల నా ఆఖరి డ్యూటీ నాడు తిమ్మప్ప ఫోన్ చేసిండు. ఎల్‌సీ కావాలన్నడు. ఒట్టు అడగలే. నోటికొచ్చినట్టు తిట్టిన. తిట్టి, లైన్ బంద్ చేసి, నువ్వు చెప్పేదాంక ఇయ్య, ఎక్కు అన్న.

పాస్టరయ్య క్షమించమంటడు. తిమ్మప్పను ఎప్పుడో క్షమించిన. ఏడీఈ సంగతి ఇంకా ప్రార్థనల్నే ఉంది. నేను నేర్చుకున్నది మాత్రం ఒక్కటే. ఎదుటోడు మంచోడైతేనే నిలబెట్టుకుంటనంటే, అది మాట కాదు, బేరం. బేరాన్ని నమ్మి ఎవడూ స్తంభం ఎక్కడు.