అద్దానికి అట్ట, అత్తకు సముద్రం

కోటి విద్యలు కూటి కొరకే అంటారు. నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య డ్రైవింగు. అది నన్ను పరాయి దేశంలో, నడి ఎండలో, పోలీసు ముందు చేతులు కట్టుకుని నిలబెట్టింది. ఆ పరువు ఎలా పోయిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. చంద్రపూర్‌లో మా బంధువులంతా ఇప్పటికే నవ్వేశారు, మీరే మిగిలారు.

మా మేనత్త సరోజనది మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి ఘుగ్గుస్. మామయ్య బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు చీరై ఇంట్లోకి వచ్చే కాలనీ అది. కొన్నేళ్లుగా కాళ్లలో పట్టు తప్పి అత్త చక్రాల కుర్చీలోనే ఉంటుంది. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఆమెకు సముద్రం చూడాలని కోరిక. దుబాయిలో పనిచేసే ఆమె కొడుకు రవి బావ టికెట్లు పంపాడు. తోడుగా నేను వెళ్లాను.

బావ నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు కాబట్టి మమ్మల్ని హోటల్లో దింపి, అద్దెకారు ఇప్పించాడు. నడవలేని వాళ్లకిచ్చే పార్కింగ్ పర్మిట్ కూడా అత్త పేరు మీద తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"శీనూ, గిది కారు అద్దానికి తగిలియ్యి. కుర్చీ బొమ్మ గీసిన జాగల బండి పెట్టు. మర్చిపోకు."

"ఏంది బావా! ఘుగ్గుస్ లారీల నడుమ బండి నడిపిన మనిషిని. నాకు చెప్తున్నవా?"

నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

మర్నాడు పొద్దున అత్త ఒకటే తొందర. "సముద్రం ఎండిపోయినంక తోల్కపోతవారా?" ఆ కంగారులో బల్ల మీదున్న రెండు అట్టలూ, బావ ఇచ్చిన పర్మిటూ, తలుపుకు తగిలించుకోమని హోటల్ వాళ్లు పెట్టినదీ, అందుకున్నాను. ఒకటి తలుపు పిడికి తగిలించాను. అత్త తెచ్చిన పచ్చళ్ల సీసాల జోలికి ఎవరూ రాకుండా అన్నమాట. రెండోది కారు అద్దానికి తగిలించాను. రెండూ నీలం రంగువే, రెండింటి మీదా అరబ్బీ రాతే. అరబ్బీ నాకెంత వచ్చంటే, మా కాలనీ కోళ్లకు సంగీతం వచ్చినంత.

తీరంలో కుర్చీ బొమ్మ మీద కారు ఆపాను, రాజు గుర్రం దిగినట్టు దిగాను. అక్కడ సాయానికున్న మనుషులు అత్తను ఇసుకలో, నీళ్లలో కూడా కదిలే పెద్ద చక్రాల కుర్చీలోకి మార్చి నీళ్లలోకి తీసుకెళ్లారు. తువ్వాలు కోసం వెనక్కి వచ్చేసరికి కారు పక్కన పోలీసు.

"పర్మిట్ ఏదీ?" అన్నాడు హిందీలో.

"అద్దానికే ఉంది కదా సార్."

"నువ్వు చదివావా?"

"నేనెందుకు చదవాలి సార్? చదవాల్సింది మీరు!"

అతను నన్ను కారు ముందుకు రమ్మని, అట్టకు బయటి వైపున్న ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి చదివించాడు. 'దయచేసి డిస్టర్బ్ చేయవద్దు.'

"నేనేమైనా నిన్ను డిస్టర్బ్ చేస్తున్నానా?" అన్నాడు.

భూమి చీలి నన్ను మింగితే బాగుండనిపించింది. కానీ అక్కడంతా కాంక్రీటు. జరిమానా తప్పదనగానే అత్తకు ఫోన్ చేశాను. అక్కడి మనిషెవరో ఆమె చెవి దగ్గర పెట్టినట్టున్నారు.

"అత్తా, జల్ది రా! నువ్వు నడవలేవని పోలీసాయనకు చూపియ్యాలె."

"నడవలేనోళ్లను జల్ది రమ్మంటవేందిరా? నేను నీళ్లల్ల ఉన్న. ఆయన్నే రమ్మను!"

పోలీసుకు నా మొహం చూసి జాలేసిందేమో, అట్ట మీదున్న నంబరుకు, అంటే హోటల్‌కు, ఫోన్ చేసి మా గది నంబరు చెప్పాడు. అవతలి మనిషి గొంతు నాకూ వినిపించింది.

"అవునండీ, ఆ గది తలుపుకు పార్కింగ్ పర్మిట్ వేలాడుతోంది. గదిలోకి వెళ్లాలో వద్దో తెలియక మా వాళ్లు బయటే నిలబడ్డారు!"

పోలీసు కారు మీద చెయ్యి ఆన్చి మరీ నవ్వాడు. హోటల్ వాళ్లు పర్మిట్ ఫోటో పంపారు. అతను అందులో పేరు చూసి, తీరం దాకా నడిచి వెళ్లి అత్తను కళ్లారా చూసి, నన్ను హెచ్చరించి వదిలేశాడు.

తడిసిన చీరతో, ఉప్పునీళ్లు కారుతున్న ముఖంతో అత్త చిన్నపిల్లలా వెలిగిపోతోంది. జరిగిందంతా చెప్పి, "ఇగ పోదాం పా అత్తా, పరువు పోయింది" అన్నాను.

"పోయింది నీ పరువు, నా సముద్రం కాదు. ఆ అట్ట ఏది? ఇటు తే."

ఇచ్చాను. నా చేతే కుర్చీ వెనక తగిలింపజేసింది, ఇంగ్లీషు నా వైపుకు వచ్చేలా.

"ఇప్పుడు మంచిగ చదువు. చదివి, పొద్దు గూకేదాకా నన్ను సతాయించకు."

ఆ సాయంత్రం, సముద్రం సాక్షిగా, ఇసుక పట్టుకుని ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ అట్టనైనా రెండు వైపులా చదవకుండా ఎక్కడా తగిలించను. చివరికి నా పెళ్లిపత్రికను కూడా తిప్పి చూశాకే పంచాను.