గాలి మళ్లిన రోజు పాఠం

చదువు అయిపోయాక మళ్లీ చదువేమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. నా కొడుకు కూతురు డిగ్రీ చదివింది. పంతులమ్మ కావడానికి చదవాల్సిన చదువూ చదివింది. ఆ పైన ఇంకో చదువులో చేరి, బడిలో పిల్లలు ఎలా నేర్చుకుంటారు, నేర్చుకునేటప్పుడు వాళ్ల లోపల ఎలా ఉంటుంది అన్న దాని మీద పరిశోధన చేస్తానని సంచి సర్దుకొని మా ఊరికి వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా ఊరు పటాన్‌చెరు నుంచి లోపలికి, గుమ్మడిదల పోయే దిక్కున ఉంటుంది. సగం చేలు, సగం కంపెనీ గోడలు.

"పిల్లలు ఏం నేర్సుకుంటున్నరో పంతులును అడిగితే చెప్తడు గదా. దానికి ఇన్ని దినాలు ఈడ ఉండాలెనా?" అన్నాను.

"పంతులు చెప్పేది వేరు నానమ్మా. నాకు పిల్లలు చెప్పేది కావాలె."

"పిల్లలేం చెప్తరు? ఆకలైతందని చెప్తరు."

అది నవ్వింది. నేను నవ్వలేదు. నేను రెండో తరగతిలో బడి మానినదాన్ని. అక్షరాలు కూడబలుక్కొని చదువుతాను. చదువంటే నాకు పడకపోవడం కాదు, దుబారా అంటే పడదు. లైటు ఊరికే వేసి ఉంచొద్దని, స్నానానికి ఒక్క బకెట్ నీళ్లేనని మొదటి రోజే చెప్పాను. సరేనంది. ఈ ఒక్క ఏడాదే చదివిస్తానని, ఆ తర్వాత ఉద్యోగమో పెళ్లో చూసుకోవాల్సిందేనని నా కొడుకు దానితో ముందే అన్నాడు. అందుకని అది ఒక పూట కూడా వృథా చేయకుండా రోజూ బడికి పోయేది. మా ఊరి బడిలో ఆరో తరగతి పిల్లల దగ్గర కూర్చొని, అచ్చు వేయించుకొచ్చిన కాగితాల్లోని ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగి, జవాబులు రాసుకొని వచ్చేది.

ఆ చదువులో దాని పని చూసే ఒక పెద్ద సారు ఉన్నాడు. కొన్ని రోజులయ్యాక ఆ కాగితాలు ఆయనకు చూపించడానికి పట్నం పోయింది. సాయంత్రం బస్సు దిగి వచ్చిన మనిషి చెప్పులు విప్పి గడప మీద అట్లాగే కూర్చుండిపోయింది.

"ఏమన్నడు మీ సారు?"

"ఇవి పిల్లల మాటలు కావు అన్నడు. నిజమైన మాటలు తెస్తే తే, లేకుంటే వేరే విషయం తీసుకోమన్నడు."

"తీసుకో మరి."

"తీసుకుంటే ఈ సంవత్సరం పోయినట్టే నానమ్మా. మల్ల బాపు చదివిస్తడా?"

చదివించడని దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కాగితాలు నాకిచ్చింది. ఒక్కొక్కటే చదివాను. తరగతి గది ఎలా ఉంది? బాగుంది. గదిలో గాలి, వెలుతురు ఎలా ఉన్నాయి? బాగున్నాయి. పాఠం ఎలా అర్థమవుతోంది? బాగుంది. అర్థం కాకపోతే ఏం చేస్తావు? దానికీ బాగుంది అనే ఉంది. ఏ పిల్లవాడి కాగితం చూసినా అదే.

దానికి కారణం మర్నాడు నల్లా దగ్గర దొరికింది. నా ముందు బిందె పెట్టిన ఆమె తన కొడుక్కు చెబుతోంది. "కాయితాల మేడం ఏమడిగినా బాగుందనే చెప్పు. ఎక్కువ తక్కువ మాట్లాడినవంటే మీ నాయనకు పని ఉండదు."

నాకు అప్పుడు అర్థమైంది. అంతకు ముందు ఏడాది కాగితాలు పట్టుకొని కొందరు మా ఊరికి వచ్చారు. బోరు నీళ్లు ఎట్లున్నాయి, గాలి ఎట్లుంది, రాత్రిళ్లు వాసన వస్తుందా అని ఇల్లిల్లూ అడిగి రాసుకొని పోయారు. ఆ తర్వాత మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేసే కొందరిని ఇక పనికి రావద్దన్నారు. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు. కాని కాగితం పట్టుకొని గాలి సంగతి అడిగే మనిషికి బాగుందనే చెప్పాలని మాత్రం ఊరంతా అనుకున్నారు.

ఇంటికి వచ్చి ఈ సంగతి మనవరాలితో చెప్పాను.

"నేను కంపెనీ గురించి ఒక్క మాట అడగలే నానమ్మా. ఏ బడికి పోయినా గాలి వెలుతురు సంగతి అడుగుతరు."

"ఏ బడిల అడిగినా నడుస్తదేమో. మా ఊర్ల గాలి అంటే ఒక్కటే, కంపెనీ గాలి."

అది కాగితంలో ఆ ప్రశ్న మీద వేలు పెట్టి మళ్లీ చదువుకుంది.

అవి ఒంటిపూట బడుల రోజులు. చింతపండు కొట్టే కాలం కూడా అదే. మా దగ్గర ఆ పనికి కూలి ఇవ్వం. ఈ రోజు అందరూ ఒకరి ఇంట్లో కూర్చొని కొడితే, రేపు ఇంకొకరి ఇంట్లో. ఆ వారం మా వాకిట్లో వంతు. పెంకు తీసిన పండును రాతి మీద పెట్టి, ఇనుప కడ్డీతో కొట్టి గింజ బయటికి తీయాలి. ఆడవాళ్లతో పాటు బడి నుంచి వచ్చిన పిల్లలూ కూర్చుంటారు. నా మనవరాలు అరుగు మీద మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకొని దిగాలుగా చూస్తోంది.

"సారు కోప్పడ్డడని కూసుంటే కడుపు నిండదు. కడ్డీ అందుకో" అన్నాను. చేతులు చాలక అన్న మాటే తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

చింతపండు పని చేసే చేయి పెన్ను పట్టలేదు. వేళ్లన్నీ జిగురు. అది కాగితాలు లోపల పెట్టి వచ్చి పిల్లల పక్కన కూర్చుంది. రెండు దెబ్బలు రాతి మీద, మూడో దెబ్బ వేలి మీద. పిల్లలు పగలబడి నవ్వారు.

"మేడంకు గింజ తీసుడే రాదు. మాకేం నేర్పిస్తది?"

"నేను నేర్పేతందుకు రాలేదు. మీరే నేర్పియ్యండి" అంది వేలు నోట్లో పెట్టుకొని.

దానికి దగ్గరుండి నేర్పించింది మా వెనకింటి పిల్ల. ఆరో తరగతి, సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. దాని తండ్రి కంపెనీలో బాయిలర్ దగ్గర కాంట్రాక్టు మీద చేసేవాడు. ఆ పిల్ల కొడుతూ కొడుతూ, దెబ్బకొక మాట చొప్పున ఎక్కం చదవసాగింది. పదమూడు, పద్నాలుగు, పదిహేను, ఎక్కడా తడబడలేదు.

"మంచిగ వస్తున్నయే నీకు" అంది మనవరాలు.

"ఎందుకు రావు? వాసనొచ్చినప్పుడల్లా గవే గదా. గాలి బడి దిక్కు మళ్లితే సార్ కిటికీలు మూస్తడు. బడిల కరెంటు ఉండదు. చీకట్ల బోర్డు కనవడదు. ఇగ వచ్చిన ఎక్కాలే సదవమంటడు. గా దినం కొత్త పాఠం ఉండదు."

"వాసనకు తల నొప్పి లేస్తది గదా?"

"లేస్తది. అయినా రావాలనే మొక్కుకుంట."

వాకిట్లో కడ్డీల చప్పుడు తగ్గింది. దాని తల్లి అప్పటికే అటువైపు పెంకులు ఎత్తడానికి పోయింది.

"ఎందుకట్ల?" అని నా మనవరాలు మెల్లగా అడిగింది.

"కొత్త లెక్క చెప్పినంక సార్ ఒక్కొక్కల్ని లేపుతడు. నాకు రాదు. గంట కొట్టేదాక నిలవడాలె. అందరు నా దిక్కే చూస్తరు. వాసనొస్తే నిలవడేది లేదు. నేనొక్కదాన్నే కాదు, గీళ్లందరు మొక్కుకుంటరు. అడుగు కావాలంటే."

పక్కన కూర్చున్న పిల్లలు తలలు ఎత్తలేదు, కాదనీ అనలేదు.

ఆ పిల్ల పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్నాను. ఆ కంపు వచ్చినప్పుడు నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని కంపెనీని తిట్టేదాన్ని. మా వెనకింట్లో ఒక పిల్ల అదే కంపు కోసం దేవుడికి దండం పెడుతోందని నాకు ఎన్నడూ తోచలేదు.

సాయంత్రం చేతులు కడుక్కొని నా మనవరాలు కాగితం ముందు కూర్చుంది. ముఖంలో వెలుగు వచ్చింది.

"ఇదే నానమ్మా. సార్ అడిగింది గిదే."

"నువ్వు రాస్తున్నవని గా పిల్లకు ఎరుకేనా?"

పెన్ను ఆగింది.

"పేరు రాయను నానమ్మా."

"పేరు సంగతి కాదు. నువ్వు పని చేస్తున్నవనుకొని చెప్పింది. రాసుకునేతందుకు అయితే చెప్పునో లేదో. అడిగి రాయి."

రాసినంత వరకు మడిచి పక్కన పెట్టింది. మర్నాడు ఆ పిల్లను పిలిచి అడిగింది. అది ఇంటికి పోయి తల్లికి చెప్పింది. తల్లి తండ్రికి చెప్పింది. పొద్దు గూకక ముందే తండ్రి మా వాకిట్లోకి వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఆ వాసన అతని అంగీ మీద కూడా ఉంది.

"పెద్దమ్మా, మా పిల్ల ఏందో చెప్పిందట. చిన్నది, ఎరుక లేక చెప్పింది. రాసింది కొట్టెయ్యమని చెప్పు."

"నేనెందుకు చెప్పాలె? ఆడ కూసున్నది, నువ్వే చెప్పు."

నా మనవరాలు లేచి నిలబడింది. "ఊరి పేరు, కంపెనీ పేరు ఏం రాయను కాకా. వద్దంటే మొత్తమే తీసేస్తా."

"వాసన మాట తీసెయ్యమ్మా. తక్కింది నీ ఇష్టం."

"వాసన తీస్తే పిల్ల మొక్కుడు ఎందుకో ఎవరికీ తెలవది కాకా."

"మొక్కుడేంది?" అన్నాడు.

అతనికి ఇంట్లో ఆ మాట చెప్పలేదు. గాలి సంగతి చెప్పిందని మాత్రమే విన్నాడు. కూతురు వెనకే వచ్చి మా తలుపు పక్కన నిలబడి ఉంది. అతను దాని వైపు తిరిగాడు.

"ఏం మొక్కుతున్నవ్ బిడ్డా?"

అది పైటకొంగు లేని వయసు, పరికిణీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నేను కసిరాను. "ఊరందరికి వినపడేటట్టు ఎక్కాలు సదువుతవ్ గదా, నాయన అడిగితే నోరు లేస్తలేదా?"

అప్పుడు చెప్పింది. ముందురోజు వాకిట్లో చెప్పినంత గట్టిగా కాదు. వాసన రావాలని మొక్కుకుంటాననీ, రాని రోజు లెక్కల్లో నిలబడాల్సి వస్తుందనీ.

అతను అరుగు మీద కూర్చున్నాడు. చేతికి దొరికిన చింతకాయ పెంకు ఒకటి తీసుకొని చాలాసేపు తుంచుతూ ఉన్నాడు.

"రోజూ ఇంట్ల ఎక్కాలు సదువుతది పెద్దమ్మా. నా బిడ్డకు లెక్కలు మంచిగ వస్తయని మా సూపర్‌వైజర్‌కు గూడ చెప్పిన."

తర్వాత లేచి, నా మనవరాలి వైపు చూడకుండానే అన్నాడు. "రాసుకో. ఊరి పేరొద్దు. నా పనేంది అని గూడ రాయకు."

"రాయను కాకా."

అట్లాగే రాసింది. తక్కిన పిల్లల ఇళ్లకూ పోయి, ఒక్కో తల్లినీ తండ్రినీ అడిగింది. కొందరు వద్దన్నారు, వాళ్ల మాటలు వదిలేసింది. కొందరు ఒప్పుకున్నారు. పెద్ద సారు ఈసారి కాగితాలు తిప్పి పంపలేదు. పని ముగించుకొని మా ఊరు వదిలి పోయే ముందు అది బడి పంతులు దగ్గరికి పోయి, ఎవరి పేరూ లేకుండా ఆ మాటలు చదివి వినిపించింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆరు, ఏడు తరగతులు రెండిటికీ ఒక్కడే. విని, మంచిదమ్మా అని మాత్రం అన్నాడట.

కంపెనీ గోడలు అక్కడే ఉన్నాయి. వానాకాలంలో గాలి మళ్లినప్పుడు నేను మళ్లీ కొంగు అడ్డం పెట్టుకున్నాను. అట్లాంటి ఒక రోజు బడి విడిచిపెట్టాక వెనకింటి పిల్ల పుస్తకాల సంచితో నేరుగా మా వాకిట్లోకి వచ్చింది. ముఖం ముడుచుకొని ఉంది.

"అవ్వా, కాయితాల అక్క చేసిన పని చూడు. ఇగ వాసనొచ్చినా పాఠం ఆపుతలేడు సార్. బడి వెనకకు, గాలి తగలని గోడ చాటుకు తీస్కపోయి నేల మీద లెక్క రాస్తుండు."

"నిన్ను లేపిండా?"

"లేపలే. ఎవరికి అర్థం కాలేదో చెయ్యెత్తమన్నడు."

"ఎత్తినవా?"

"ఎత్తిన. మల్ల చెప్పిండు."

"అర్థమైందా మరి?"

"కాలే."

"రేపు మల్ల ఎత్తు" అన్నాను. సంచి భుజానికి సర్దుకొని ఇంటికి పోయింది.