మరదలి బొటనవేలు

మా మరదల్ని షెడ్డులో అందరూ ఆకురాయి అంటారు. నేనూ అంటాను, కాకపోతే కాస్త దూరం నుంచి. విమానాల ఇంజన్లు బాగుచేసే చోట ఆమె పని. ఇంజన్ ముందు భాగంలో కంప్రెసర్ ఉంటుంది. అందులో వరుసలు వరుసలుగా రెక్కలు తిరుగుతూ గాలిని కుదించి వెనక్కి పంపుతాయి. గులకరాయి తగిలి రెక్క అంచున గాటు పడితే, ఆకురాయితో అరగదీసి అంచును మళ్లీ గుండ్రంగా చేయడం ఆమె వంతు. ఆమె బొటనవేలితో తడిమి సరే అన్నాక ఇంకొకరు తడిమే అలవాటు షెడ్డులో ఎప్పుడో పోయింది. ఇన్‌స్పెక్టరు ఉద్యోగం కోసం ఏళ్లుగా ఎదురుచూస్తూ వచ్చింది. నేను చెప్పబోయేది జరిగిన వారమే అది ఖాయం కావాలి.

ఆదివారం మా ఇంటికి వచ్చింది. వాళ్లక్క, అంటే మా ఆవిడ, ఇంట్లో కత్తులన్నీ ఆమె ముందు పోసింది.

"అంత పనితనం పెట్టుకుని, నా కత్తులు ఇలా ఏడుస్తుంటే చూస్తూ ఊరుకుంటావటే?"

"బావను పట్టుకో అక్కా."

"ఆయన పదునంతా నోట్లోనే."

నేను పేపరు చాటుకు తప్పుకున్నాను. మరదలు సాయంత్రం దాకా రెండు వైపులా రుద్ది పదును పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో టమాటాకు తాను తెగిన సంగతి కాసేపటిదాకా తెలిసేది కాదు.

మంగళవారం పొద్దున పనికి వెళ్తూ మా ఇంట్లో ఆగింది. బల్ల మీది కత్తి తీసి, అలవాటుగా అంచు తడిమి, కుర్చీలో కూలబడింది.

"బావా, నిన్న షెడ్డులో నేను అరగదీసిన ఒక రెక్క వేలికి ఇలాగే తగిలింది. ఆదివారమంతా కత్తులు రుద్దిన చెయ్యి కదా, బాగా కుదిరిందనుకున్నాను."

"మంచిదేగా. గాలిని కోసుకుంటూ పోతుంది."

"కోయకూడదు. గాలి నేరుగా వచ్చినంతసేపూ ఫర్వాలేదు. ఇంజన్ జోరు మారినప్పుడు ఏటవాలుగా తగులుతుంది. అంచు గుండ్రంగా ఉంటే దాన్ని చుట్టుకుని రెక్క వీపు మీదుగా జారిపోతుంది. కత్తిలా ఉంటే గాలి మొదట్లోనే వీపు వదిలేస్తుంది. అది పక్క రెక్కలకు పాకితే గాలి ముందుకు తన్నుకొస్తుంది. ఫిరంగి పేలినట్టు చప్పుడు."

"ఒక్క రెక్కకే?"

"జరక్కపోవచ్చు. జరిగితే?"

"ఇంజన్‌లో బిగించేశారుగా, ఎవరికి తెలుస్తుంది? ఈ వారం గడవనీయవే," అంది వాళ్లక్క.

మరదలు సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తర్వాతి సంగతి ఆమె చెప్పిందే. షెడ్డులో ఫోర్మన్ ఆమె మాట విని టీ కప్పు కింద పెట్టాడట.

"ఏ రెక్కో గుర్తుందా?"

"మొదటి వరుసలోది సార్. ముందు నుంచి చెయ్యి పెడితే అందుతుంది. మీరు తిప్పండి, నేను తడుముతాను."

"మధ్యాహ్నం ఇంజన్ పరీక్ష పెట్టుకుని ఇప్పుడా తల్లీ చెప్పడం," అని గొణుక్కుంటూనే తిప్పాడు. ఒక్కో అంచూ ఆమె వేలి కింద నుంచి పోయింది. ఒకచోట ఆపమంది. వేలి మీద సన్నటి ఎర్ర గీత. అక్కడికక్కడే దాన్ని గుండ్రం చేసింది. మధ్యాహ్నం ఇంజన్ జోరు పెంచారు, ఒక్కసారిగా తగ్గించారు. చప్పుడేమీ రాలేదు.

ఇన్‌స్పెక్టరు ఉద్యోగం షెడ్డులో ఆమె పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయనకు వెళ్లింది. ఇప్పుడు ఆమె రెక్కలన్నీ ఆయన తడిమి చూస్తాడు. ఆయన వేలు మొద్దు అంటుంది కానీ, ఆ వేలు తడమకుండా మాత్రం ఒక్కటీ పోనివ్వదు.

మా కత్తులు మళ్లీ మొండివయ్యాయి. ఒక్కటైనా పదును పెట్టమని వాళ్లక్క బతిమాలితే, ఆమె తల కూడా ఎత్తలేదు.

"బావకివ్వక్కా. ఆయన రుద్దితే ఏ అంచయినా దానంతటదే గుండ్రమవుతుంది."