పిన్నిగారు చెప్పిన జపాన్ కథ

మేము అద్దెకున్న ఇంటి ఓనరుగారు మొదటిసారి మా హాల్లో కూర్చున్నది నీళ్ళ ట్యాంకు సంగతి చెప్పడానికి. ట్యాంకు నిండి నీళ్ళు గోడ మీదుగా కారిపోతున్నాయని, మోటారు కట్టేయమని చెప్పి వెళ్ళిపోదామనే పైకి వచ్చారు. అప్పుడు మా అమ్మాయి టీవీలో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తోంది. తెర మీద ఒక కుర్రాడు నెత్తికి హెల్మెట్ లాంటిది తగిలించుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. మరుక్షణం గాలిలో తేలే ఒక దీవి మీద, చేతిలో కత్తితో నిలబడి ఉన్నాడు.

"గిదేంది బిడ్డా? గీ పోరడు పండుకున్నడా, లేసిండా?" అని అడిగారావిడ.

"రెండూ," అంది మా అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ జవాబు ఆవిడకు చాలలేదు. సోఫా అంచున కూర్చున్నారు. కాసేపటికి వెనక్కి జరిగి కూర్చున్నారు. ఆ సాయంత్రం నీళ్ళు గోడ మీద అలా కారుతూనే ఉన్నాయి.

మేము గుంటూరు వైపు వాళ్ళం. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు, నేను శామీర్‌పేట దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఉద్యోగాలకు మధ్యలో ఉంటుందని మచ్చ బొల్లారంలో ఇల్లు తీసుకున్నాం. ఓనరుగారిని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. "పిన్నీ అంటే సాలదా, మల్ల గా గారు ఎందుకు? నేనేమన్న కలెక్టర్నా?" అని ఆవిడ నన్ను వెక్కిరిస్తారు. కానీ ఒక్కసారి గారు మరిచిపోతే మాత్రం ఆ రోజంతా కాస్త పొడిపొడిగా ఉంటారు. ఆవిడ పుట్టింది శామీర్‌పేటలో, చేపలు పట్టుకుని బతికే ఇంట్లో. పెళ్ళయి ఇటు వచ్చారు. భర్తకు, అంటే మాకు బాబాయిగారికి, అత్వెల్లి దగ్గర రోడ్డు మీద సిమెంటు దుకాణం ఉంది. పొద్దున వెళ్ళి సాయంత్రం చాయ్ వేళకు ఇంటికి వస్తారు.

ఆ రోజు నుంచి పిన్నిగారు రోజూ పైకి రావడం మొదలైంది. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టుకుని టీవీ ముందు కూర్చోగానే మెట్ల మీద గాజుల చప్పుడు వినిపించేదట. సీరియల్లో మాటలు జపాన్ భాషలో ఉంటాయి, కింద అక్షరాలు ఇంగ్లీషులో పరిగెడతాయి. పిన్నిగారికి రెండూ రావు. మధ్యలో ఏమైనా అడిగితే మా అమ్మాయికి చిరాకు.

"అవ్వా, మధ్యలో మాట్లాడితే నాకు మిస్సవుతుంది. అయిపోయాక చెప్తాను," అనేది.

అయిపోయాక చెప్పేది కాదు. ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయేది. దాంతో పిన్నిగారు ఎవరి సాయమూ లేకుండా, బొమ్మల మొహాలు చూసి, కథను సొంతంగా అర్థం చేసుకోవడం మొదలుపెట్టారు.

నేను బస్సు దిగి, ఆటో పట్టుకుని ఇంటికి చేరేసరికి సగం అయిపోయి ఉండేది. అందుకని ఆ సగాన్ని పిన్నిగారే నాకు చెప్పేవారు. నేను చెప్పులు విప్పుతుంటే మొదలుపెట్టి, కూర తరుగుతుంటే పక్కన నిలబడి, కుక్కర్ కూత వేసేలోగా ముగించేవారు. మా అమ్మాయిని అడిగితే "బావుంది" అని ఒక్క ముక్క అంటుంది. పిన్నిగారైతే చీర అంచు రంగుతో సహా చెబుతారు. కాబట్టి నాకు తెలిసిన కథంతా ఆవిడ చెప్పినదే.

ఆ కథ ఇది. ఆ కుర్రాడికి ఒక మరదలు ఉంది. వెండి కవచం వేసుకుని తనకంటే పొడుగైన కత్తి మోసుకు తిరిగే పిల్ల. చిన్నప్పుడు భూమి పంపకాల్లో రెండు కుటుంబాలకీ చెడింది. అందుకే కనబడినప్పుడల్లా కత్తి దూస్తుంది, కానీ లోపల ప్రేమే. కుర్రాడి వెంట సామాను మోసే కొమ్ముల జంతువు ఒకటుంది. అది వాళ్ళ నాయిన సాకిన మేక. ఇక తెల్లగడ్డం ముసలాయన ఆ ఊరి మాజీ సర్పంచి. అందరూ ఆ దీవి మీదున్న గోపురం ఎక్కి రాజవ్వాలని కొట్టుకు చస్తుంటే ఈ కుర్రాడు మాత్రం లోకం ఎక్కడిదాకా ఉందో చూసి రావాలని బయల్దేరాడు.

"మరి పడుకున్నవాడికి ఇదంతా ఎలా జరుగుతోంది పిన్నిగారూ?" అన్నాను ఒకసారి.

"కలగంటుండు బిడ్డా. జపానోళ్ళ కలలు పెద్దగుంటయి," అన్నారు కూర గిన్నె మూత తీసి చూస్తూ. "నాకు గది గాదు పరేషాను. పొద్దటిసంది పండుకున్నడు. అన్నం తిన్నడా, లేదా? ఆళ్ళ అమ్మ ఏడబోయింది?"

కథలో కుర్రాడు అప్పుడప్పుడూ చచ్చిపోతాడు. చచ్చిపోయి ఊరి మధ్యనున్న ఫౌంటెన్ దగ్గర మళ్ళీ లేస్తాడు. ఇది వినగానే నాకు అనుమానం వచ్చింది గానీ పిన్నిగారు తడుముకోలేదు. "సచ్చుడు గాదు, సొమ్మసిల్లుడు. మొకం మీద నీళ్ళు సల్లిన్రు, లేసిండు," అన్నారు. ప్రతి మనిషి నెత్తి మీదా ఆకుపచ్చ గీత ఒకటి ఉంటుంది, దెబ్బ తగిలితే తగ్గుతుంది. అది ఛార్జింగని ఆవిడ తేల్చేశారు. యుద్ధం జోరుగా నడుస్తున్నప్పుడు వంటింట్లో ఉన్న నాకు "అయ్యో, ఛార్జింగ్ అయిపోతాంది, జల్దీ ఉరుకు బిడ్డా!" అని వినిపించేది. ఎవరి ఫోనో అనుకుని నేనూ కంగారుపడేదాన్ని.

ఒక ఆదివారం మా అమ్మాయికి ఈ సంగతి తెలిసింది. అన్నం తింటూ నేను మాటవరసకి, "పాపం ఆ మరదలు ఇంకా మాట్లాడటం లేదా వాడితో?" అన్నాను.

"ఏ మరదలు?"

చెప్పాను. భూమి పంపకాల దగ్గరికి వచ్చేసరికి అది ముద్ద కంచంలో వదిలేసింది.

"అమ్మా! వాళ్ళిద్దరికీ సంబంధమే లేదు. ఆ అమ్మాయి వేరే గిల్డు, అంటే వేరే జట్టు. అదంతా గేమ్. వాడు నెత్తికి పెట్టుకున్నది వీఆర్ హెడ్‌సెట్, అది పెట్టుకుంటే ఆట లోపల ఉన్నట్టే కనిపిస్తుంది. భూమి ఎక్కడినుంచి వచ్చింది మధ్యలో?"

దానికి నిజంగానే బాధ కలిగింది. ప్రాణంగా చూసుకునే కథను ఎవరో పాడు చేశారన్నంత బాధ. ఆ సాయంత్రమే పిన్నిగారిని, నన్ను పక్కపక్కనే కూర్చోబెట్టి, మొదటి ఎపిసోడ్ పెట్టింది. ప్రతి మాటకీ ఆపి తెలుగులో చెప్పింది. చేతిలో బెత్తం ఒక్కటే తక్కువ. నేను బడిలో పిల్లల్ని ఇలాగే కూర్చోబెడతాను కాబట్టి నోరెత్తకుండా విన్నాను.

ముసలాయన వచ్చాడు. "అవ్వా, ఇతను మనిషి కాదు. కంప్యూటర్ పెట్టిన బొమ్మ. ఎవరొచ్చి ఎన్నిసార్లు అడిగినా ఆ నాలుగు మాటలే చెబుతాడు," అంది మా అమ్మాయి.

"గందుకే గద సర్పంచ్ అన్న," అన్నారు పిన్నిగారు.

నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మాయి నా వైపు ఎలా చూసిందంటే, నేను లేచి మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. అది పట్టు వదలకుండా రెండో ఎపిసోడ్ కూడా వివరించింది. అంతా ఓపిగ్గా విని పిన్నిగారు దాని తల నిమిరారు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. కానీ నువ్వు గా రాసింది సదువుతున్నవ్. మొకాలు చూస్తలేవు."

వివాదం తేలేలా లేదని మా అమ్మాయికి ఒక ఉపాయం తోచింది. అసలు హెడ్‌సెట్ అంటే ఏమిటో ఆవిడకు చూపించేస్తే అది కల కాదని ఒప్పుకుంటారు కదా. కొంపల్లి వైపు ఒక మాల్‌లో అలాంటి ఆటల చోటు ఉంది. పిన్నిగారిని అడిగితే వెంటనే సరేనన్నారు. వెళ్ళే రోజు పెళ్ళికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు.

"అంత మంచి చీరెందుకండీ?" అన్నాను.

"కొత్త ఊరికి పోతున్నం గద," అన్నారు.

మాల్‌లో ఆ ఆట చూసుకునే అమ్మాయి పిన్నిగారి చేతులకు చెరొక పిడి ఇచ్చి, హెడ్‌సెట్ పెట్టబోయింది. కొప్పు అడ్డొచ్చింది. కొప్పు విప్పి జడ వేశాం. చివరికి తగిలించాం. ఆవిడకు కనిపించేది మాకూ పక్కనున్న తెర మీద కనిపిస్తోంది. పెద్ద అడవి, మధ్యలో నీళ్ళు, పైన రెండు చందమామలు.

"అబ్బ! మస్తుంది," అన్నారు పిన్నిగారు.

చెట్ల వెనక నుంచి పళ్ళు బయటపెట్టుకుని ఒక భూతం వచ్చింది.

"ఆంటీ, బటన్ నొక్కండి! కాల్చండి!" అని ఆ అమ్మాయి అరిచింది.

"ఎందుకు? గదేమంటాంది నన్ను?"

ఏమనడం, కరిచింది. తెరంతా ఎర్రబడింది. పిన్నిగారు పట్టించుకోలేదు, తల పైకెత్తి చందమామలు చూస్తున్నారు. ఆట మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఆవిడ నీళ్ళ వైపు నడిచారు. ఇంకో భూతం వచ్చి కరిచింది. "జర జరుగు, చూడనియ్యి," అని దాన్ని చేత్తో తోసేశారు. ఆ చెయ్యి నిజంగా ఆ అమ్మాయి భుజానికి తగిలింది. చుట్టూ నలుగురు చేరి నవ్వుతున్నారు. మా అమ్మాయి తలకొట్టుకుంటూనే ఫోనులో వీడియో తీస్తోంది. పిన్నిగారు మాత్రం ఏటి ఒడ్డున నిలబడి, వంగి నీళ్ళలోకి చూసి, "గింత నీళ్ళున్నయి, ఒక్క చేప లేదేంది?" అని మందలిస్తున్నారు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరం ఊహించలేదు. ఒడ్డున నున్నటి బండ ఒకటుంది. ఎక్కువసేపు నిలబడితే ఆవిడకు కాళ్ళు నొప్పులు వస్తాయి. "జరసేపు కూసుంట," అని చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ బండ మీద కూర్చున్నారు.

బండ తెర మీద మాత్రమే ఉంది.

ధబ్బున పడ్డారు. నేను పరుగెత్తి హెడ్‌సెట్ లాగేసేసరికి ఆవిడ నొప్పితో మొహం చిట్లిస్తూనే నవ్వుతున్నారు. మా అమ్మాయి మొహం తెల్లబోయింది. అప్పటిదాకా నవ్విన పిల్ల, "అవ్వా సారీ, అవ్వా సారీ" అంటూ ఏడుపు మొదలుపెట్టింది.

ఎముక విరగలేదని ఎక్స్‌రే తీశాక తెలిసింది. ఎలా పడ్డారని డాక్టరుగారు అడిగారు.

"ఏటి ఒడ్డున బండ మీద కూసున్న సారూ. బండ లేకుండె," అన్నారు పిన్నిగారు.

డాక్టరుగారు కాగితం మీద రాస్తున్నవారు ఆగి నా వైపు చూశారు. తల సంగతి కూడా ఒకసారి చూద్దామా అన్నట్టుంది ఆ చూపు. నేను వివరించేసరికి ఆయనకు నవ్వొచ్చింది. మెట్లు ఎక్కొద్దు, కొన్నాళ్ళు పడుకునే ఉండాలి అన్నారు.

బాబాయిగారికి కోపం రావాల్సిందే, వచ్చింది. కానీ మా మీద కాదు. "చూడనీకి పోయినదానివి చూసి రావాలె. ఆడ కూసునుడు ఎందుకే నీకు?" అని భార్యనే కసిరారు. ఆ సాయంత్రం నుంచి చాయ్ ఆయనే పెట్టుకోవలసి వచ్చింది. ఆ చాయ్ ఒకసారి మాకూ ఇచ్చారు. దాని గురించి ఇక్కడ రాయడం బాగుండదు.

పిన్నిగారు పైకి రాలేరు కాబట్టి మా అమ్మాయే ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి వెళ్ళడం మొదలుపెట్టింది. మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద సీరియల్ పెట్టేది. నేను బడి నుంచి వచ్చి నేరుగా అక్కడే ఆగేదాన్ని. బాబాయిగారు దుకాణం నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇంకా అయిపోలేదా గా జపానోళ్ళ లొల్లి?" అనేవారు. మెల్లగా గుమ్మంలోంచి కుర్చీలోకి వచ్చారు. కుర్చీ కాస్త ముందుకు జరిగింది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆయన ఏదో అడుగుతున్నారు.

"గా కత్తి పిల్ల ఎవరు బిడ్డా? గంత కోపంగ చూస్తాంది?"

మా అమ్మాయి తెర మీద అక్షరాలు చూసింది. మంచం మీద పిన్నిగారిని చూసింది. గిల్డు గురించి చెబుతుందనుకున్నాను.

"వాడి మరదలు తాతా. భూమి దగ్గర గొడవైంది," అంది.

"గట్ల చెప్పు!" అని బాబాయిగారు కుర్చీలో సర్దుకున్నారు. "భూమంటే గంతే ఉంటది."

పిన్నిగారు గోడ వైపు తిరిగి కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నవ్వుకో, నొప్పికో అడగలేదు.

ఆఖరి ఎపిసోడ్ నాటికి ఆవిడ లేచి గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఆ సాయంత్రం బాబాయిగారు దుకాణం కాస్త ముందే కట్టేసి, మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చారు. నలుగురం కూర్చున్నాం. పెద్ద తెర మీద చూద్దామని ఆ రోజు వాళ్ళ టీవీకే కలిపింది మా అమ్మాయి. కుర్రాడు మంచు కొండలు దాటాడు, ఎడారి దాటాడు. ఇక లోకం అంచు అనగా బయట వాన మొదలైంది. ఉరుము ఉరిమింది, కరెంటు పోయింది.

"థత్, గిప్పుడే పోవాల్నా!" అని బాబాయిగారు కరెంటాఫీసు వాళ్ళను, వాళ్ళ పై అధికార్లను వరసగా తిట్టారు. ఎంతసేపు చూసినా కరెంటు రాలేదు. కొవ్వొత్తి వెలిగించాం. బజ్జీలు అయిపోయాయి.

"పోనీ నువ్వే చెప్పవే. ఏమైతది?" అన్నారాయన భార్యతో.

పిన్నిగారు బతిమాలించుకోలేదు. కుర్రాడు అంచుకు చేరాడు. అక్కడ పెద్ద నీళ్ళున్నాయి. అవతలి ఒడ్డు నుంచి ఒక పడవ వస్తోంది, దాన్నిండా పిల్లలు. వాళ్ళ మీద ఛార్జింగ్ గీతలు లేవు, చేతుల్లో కత్తులు లేవు. నీది ఏ ఊరు, మా ఊరు చూస్తావా అని అడిగారు. వాడు ఎక్కాడు. మేక ఎక్కనని మొండికేస్తే ఎత్తి ఎక్కించారు. అటు పోయాక అక్కడ ఏమేం ఉన్నాయో కూడా ఆవిడ చెప్పుకుంటూ పోయారు. కొవ్వొత్తి వెలుగులో మా అమ్మాయి గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా విన్నది.

మధ్యలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. టీవీ పెట్టడానికి నేను లేవబోతే, "ఉండమ్మా," అంది అది.

మరునాడు అసలు ముగింపు తనొక్కతే చూసింది. ఎలా ఉందే అని అడిగాను.

"బానే ఉంది. కానీ వాళ్ళు పడవ సంగతి పెట్టలేదు," అంది.