నాలుగు గీతలు చాలలేదు

ఆ లైబ్రరీలో పుస్తకం చిరిగితే ఎవరూ కంగారుపడరు. సూదక్క ఉందిగా అంటారు. మెట్ల కింద, నిటారుగా నిలబడితే నెత్తికి కప్పు తగిలే గదిలో, పదిహేడేళ్లుగా ఆవిడ చిరిగిన పుస్తకాలు కుడుతోంది. కుట్టడమే తప్ప లోపలేముందో చదివే అలవాటు లేదు. అదేమిటని అడిగితే, "వండిందంతా వంటవాడే తింటాడా?" అనేది.

బయట ఈ మాత్రం పేరైనా ఉంది. ఇంట్లో అదీ లేదు. అత్తగారి నోటికి మూత లేదు. కోడలి పనికి వంక పెట్టకుండా ఆవిడకి పూట గడిచేది కాదు. "ఊళ్లో వాళ్ల పుస్తకాలన్నీ కుడతావు, మన దిండు గలీబు కుట్టడానికి మాత్రం చేతులు రావు" అని ఆ పూటకి దొరికింది అనేసేది. సూదక్క ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. అన్నీ వదిలేసిందని చెప్పను, కొన్ని లోపలే ఉండిపోయాయి.

రెండేళ్ల కిందట ఒక శనివారం, మేడ మీది గదిలో బొమ్మలు నేర్పుతానన్న మాస్టారు మొదటి రోజే ఎగనామం పెట్టాడు. పదకొండు మంది వచ్చి కూర్చున్నారు. లైబ్రేరియన్ గారు చెమటలు తుడుచుకుంటూ మెట్ల కిందికి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, కాసేపు వాళ్లని కూర్చోబెట్టు, నీకు పుణ్యముంటుంది" అన్నారు. ఆవిడ సూది, దారం, తెల్లకాగితాల కట్ట పట్టుకుని పైకెక్కింది. సాయంత్రానికి పదకొండు మందీ తలో చిన్న పుస్తకం కుట్టుకుని, దాంట్లో ఏం రాయాలో వాదించుకుంటూ మెట్లు దిగారు.

అంతే, అప్పటినుంచి ప్రతి శనివారం క్లాసు. పుస్తకం కుట్టడం, అందులో తన మాట రాసుకోవడం. రిటైరైన బస్సు కండక్టరొకాయన మొదటిసారి "టీచర్" అని పిలిచినప్పుడు, ఎవరొచ్చారా అని సూదక్క వెనక్కి తిరిగి చూసింది. ఆ పిలుపంటే ఆవిడకి ప్రాణం. ఏం వెలగబెడుతోందో చూద్దామని ఓ వారం అత్తగారు కూడా వచ్చింది. వచ్చినావిడ మళ్లీ మానలేదు. వెనక బెంచీలో కూర్చుని, కోడలికి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేది.

ఇలా ఉండగా పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. శనివారం క్లాసుల వల్ల జనానికి ఒరిగిందేమిటో తేల్చాలి, తేలకపోతే ఆ గది పాత పత్రికలు పడేసుకోవడానికి కావాలి. దాంతో పాటు, ఇప్పుడు క్లాసుకొస్తున్న నలభై మందికీ నలభై ఫారాలు. మొదట టిక్కులు పెట్టే ప్రశ్నలు, చివర ఒక పెద్ద ప్రశ్న: ఈ తరగతి వల్ల మీ జీవితంలో వచ్చిన మార్పు ఏమిటి? దాని కింద నాలుగు గీతలు.

"నాలుగు గీతల్లో ఏం పడుతుంది టీచర్?" అన్నాడు కండక్టరు.

"చాలకపోతే కాగితాలు కలుపుకోండి" అంది సూదక్క.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ గదిలో కాగితాలు కలపడమంటే కుట్టడమే. రెండు వారాల్లో నలభై ఫారాలూ నలభై పుస్తకాలకి అట్టలైపోయాయి. కుట్టు పూర్తయిన దేనికైనా వెనక, తిరిగివ్వాల్సిన తేదీల చీటీ అంటించడం సూదక్క చేతికి అలవాటు, అంటించేసింది. ఆరడానికి కింద కౌంటర్ పక్క అరలో పెట్టింది. వచ్చినవాళ్లు కొత్త పుస్తకాలనుకుని తీసుకున్నారు. చీటీ కనబడితే ముద్ర కొట్టడం లైబ్రేరియన్ గారికి అలవాటు, కొట్టేశారు.

నెల తర్వాత శనివారం పెద్దాఫీసు ఆఫీసరమ్మ మేడ మీదికి వచ్చి నిలబడింది. "నింపిన ఫారాలు ఇలా ఇవ్వండి."

లైబ్రేరియన్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మూడున్నాయి మేడం. మిగతావి పాఠకులు తీసుకెళ్లారు."

"ఫారాలు ఎవరైనా తీసుకెళ్తారా?"

"కొన్నిటి కోసం జనం వరుసలో కూడా ఉన్నారు మేడం."

రెండేళ్ల క్లాసు తన చేతి అలవాటు వల్లే మూతపడబోతోందని సూదక్కకి తెలిసిపోయింది. టీచర్ అని పిలిచిన వాళ్ల ముందే మళ్లీ మెట్ల కిందికి పోవాలి.

"తప్పు నాదండి. ఆయన్ని ఏమీ అనకండి" అంది.

ఆఫీసరమ్మ సభ్యుల రిజిస్టరు తెప్పించింది. అంతకు ముందు నెలలో కొత్త కార్డులు ఐదు. ఈ నెలలో యాభై ఎనిమిది. వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ తర్వాత బల్ల మీద ఉన్న ఫారం పుస్తకాల్లో ఒకటి తీసి వెనక చూసింది. చీటీ నిండా ముద్రలు, తొమ్మిది. అట్ట మీద పేరు: 'నా కోడలి మీద ఫిర్యాదులు'.

గదిలో నవ్వులు. సూదక్కకి తల కొట్టేసినట్టయింది. కుట్టింది తను, చదివిందెక్కడ? ఊరంతా చదివింది, తను తప్ప.

ఆఫీసరమ్మ నిలబడే పుస్తకమంతా చదివింది. రెండుచోట్ల పెదవులు బిగబట్టుకుంది. ఆఖరి పేజీ మాత్రం పైకి చదివింది.

"పదకొండో ఫిర్యాదు. ఇది ఇరవై ఆరేళ్లుగా నా ఇంట్లో ఉంది. తనకి ఇంత విద్య ఉందని ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదు, ఆ తప్పు నాది. డెబ్భై ఆరేళ్లకి నేనొక పుస్తకం రాశాను. కుట్టు నేర్పింది నా కోడలే."

ఎవరూ నవ్వలేదు. సూదక్క కళ్లు బొటబొటా కారాయి, ఆపుకుందామని కూడా అనుకోలేదు. వెనక బెంచీ నుంచి అత్తగారి గొంతు లేచింది. "ఏమే, పక్కకి జరిగి ఏడువు, జిగురు గిన్నెలో పడుతున్నాయి!"

గదంతా గొల్లున నవ్వింది. ఆఫీసరమ్మ కూడా నవ్వుతూ ఆ పుస్తకాన్ని సంచీలో పెట్టుకోబోయింది. క్లాసుకొచ్చే ఇస్త్రీ ఆవిడ గబుక్కున లేచింది. "మేడం, అది నా వంతు. మూడు వారాలుగా కాచుక్కూర్చున్నాను."

లైబ్రేరియన్ గారు భయం భయంగానే వరుస పుస్తకం ముందుకు జరిపారు. ఆఫీసరమ్మ ఎనిమిదో పేరుగా తన పేరు రాసుకుంది. పాత పత్రికలకి వేరే చోటు చూసుకుంటాం, ఈ గది జోలికి రామని అందరికీ వినబడేలా చెప్పింది. తర్వాత కుర్చీ లాక్కుని, పెద్దాఫీసుకి పంపాల్సిన తన నివేదిక ఫారం తెరిచింది. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"నాకూ నాలుగు గీతలే ఇచ్చారు" అంది. "కాసిని కాగితాలు, ఓ సూది ఇస్తారా టీచర్?"

ఈసారి సూదక్క వెనక్కి తిరిగి చూడలేదు.