గొంతు పెంచిన లైబ్రేరియనమ్మ

సినిమాల్లో లైబ్రేరియన్ అంటే కళ్ళజోడు, మూతిమీద వేలు. హిందీవాళ్ళ ఊళ్ళో మా తెలుగువాళ్ళ పేట గోల్‌మురిలో లైబ్రేరియనమ్మ అలా కాదు. ఏ పుస్తకం అడిగినా, "ఎందుకు కావాల?" అనేది.

ఒకరోజు చదువురాని ఒక తల్లి వచ్చి, కూతురికి మూర్ఛలొస్తున్నాయని బడి మాన్పించామంది. లైబ్రేరియనమ్మ హిందీలో ఉన్న ఆరోగ్య పుస్తకం తీసి, పక్కన కూర్చుని, మూర్ఛ అంటురోగం కాదని, దానికి మందుందని తెలుగులో గట్టిగా చెప్పసాగింది.

"కాస్త మెల్లిగా, మేడమ్," అని పేపరు చదువుతున్న పెద్దాయన విసుక్కున్నాడు.

"ఈవిడ వినాల కదండి. మీరూ వినండి," అని ఆవిడ ఇంకాస్త గొంతు పెంచింది.

తల్లి కళ్ళు తుడుచుకుంది. "అయితే పిల్లని బడికి పంపొచ్చేటి?"

"డాక్టరిచ్చిన మందు మానకుండా పంపు. నేనూ వత్తాను."

మర్నాడు లైబ్రరీ ఆలస్యంగా తెరిచారు. మేమంతా బయటే నిలబడ్డాం. ఆ సమయానికి ఆవిడ ఆ పిల్ల బడిలో టీచరుకి మూర్ఛ గురించి చెబుతోందట.