పెదనాన్నగారు అడగని అన్నం

మా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా నాకొక ఉద్యోగం ఉండేది... గేటు దగ్గర నిలబడి, పెదనాన్నగారు అన్నం అడిగేరో లేదో చూసి నాన్నగారికి చెప్పడం.

అప్పుడు నేను మూడో తరగతి. మాది అల్లవరం దాటాక సముద్రం వైపు ఊరు. నాన్నగారు హైస్కూలు మేష్టారు, చర్చిలో సంఘ పెద్ద కూడా. పెదనాన్నగారు ఆయనకి సొంత అన్న. తెలుగు పండితుడిగా చేస్తున్న ఉద్యోగం నేను పుట్టకముందే మానేసి, ఎటో వెళ్లి బౌద్ధ భిక్షువైపోయారు. మా ఇంట్లో ఆయన ఫోటో ఉండేది కాదు. ఆయన మాట ఎత్తేవాళ్లూ ఉండేవారు కాదు.

అలాంటి మనిషి ఆ ఏడు నున్నటి గుండుతో, కాషాయం బట్టలతో ఊళ్లోకి దిగారు. వానలు కురిసే మూడు నెలలూ భిక్షువులు ఒకేచోట ఉండాలట. తుపాను షెల్టర్లో చాప వేసుకుని బుద్ధుడి బోధల మీద పుస్తకం రాసుకునేవారు. రాసింది సాయంత్రాలు జాలర్ల పేటలో ఆడవాళ్లకి చదివి వినిపించేవారు. వాళ్లకి అర్థం కాని వాక్యం కనబడితే అక్కడికక్కడే కొట్టేసేవారు. పండితుడుగారి తెలుగుకి వలలు అల్లుకునేవాళ్లు దిద్దుబాట్లా అని ఊళ్లో పెద్దమనుషులు తెగ నవ్వుకున్నారు.

రోజూ నేను బడికి బయల్దేరే వేళకి, నల్లటి భిక్షాపాత్ర పట్టుకుని మా గేటు ముందు నిలబడేవారు. "ఏ క్లాసమ్మా?" అని ఒకరోజు, "ఎక్కాలొచ్చా?" అని ఒకరోజు నాతో మాట్లాడేవారు. అన్నం సంగతి మాత్రం ఎత్తేవారు కాదు. కాసేపు చూసి కదిలి వెళ్లిపోయేవారు.

"అడిగేడా?" అనేవారు నాన్నగారు, వరండాలో పేపరు చాటునుంచి.

"లేదండి."

"నోరు తెరిచి అడగమను. కడుపునిండా పెడతాం. తోడబుట్టినవాడి దగ్గర బెట్టేంటి?"

నాకూ అది న్యాయంగానే అనిపించేది...

అమ్మ రోజూ ఎసట్లో గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేది. వేడన్నం గిన్నెలో పెట్టి, మూతేసి, తలుపు వెనక పట్టుకుని నుంచునేది. నేను "లేదండి" అన్నాక ఆ గిన్నె దొడ్లోకి పట్టుకెళ్లి బాతులకి వేసేది. మా బాతులు ఆ ఏడు బాగా బలిసాయి.

మా ఇంటికి చేపలు తెచ్చే సత్తెమ్మని ఓసారి అడిగాను, మీ గుమ్మంలో అయినా నోరు తెరిచి అడుగుతారా అని.

"అడగడమేంటమ్మా? గిన్నె పట్టుకుని మనిషి గుమ్మంలో నిలబడితే ఆకలేసిందనే కదా! మేవేది తింటే అదే ఏత్తాం. అన్నం, చేపల పులుసు... ఏదేసినా తింటారు మహానుబావుడు." అమ్మ వింటూ తల దించుకుంది.

తర్వాత వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు వేట లేదు. జాలర్ల పేటలో పొయ్యిలు సరిగ్గా వెలగలేదు. నాలుగో రోజు పెదనాన్నగారు వానలో తడుస్తూ వచ్చి నిలబడ్డారు. ఆ రోజు ఎప్పటికంటే చాలాసేపు నిలబడ్డారు. పాత్రలో వాన నీళ్లు పడుతున్నాయి.

నాకు ఏడుపొచ్చింది. "అడగండి పెదనాన్నగారూ... అన్నం సిద్ధంగా ఉంది, అమ్మ పట్టుకుని నుంచుంది. ఒక్కసారి అడగండి!"

"తడిసిపోతున్నావమ్మా, లోపలికెళ్లు" అని ఆయన వెళ్లిపోయారు.

ఆ కోపంతో పరిగెత్తుకెళ్లి నాన్నగారితో "అడగలేదండి. పొగరండి ఆయనకి" అన్నాను. నాన్నగారు నా తల నిమిరి మెచ్చుకోలుగా నవ్వేరు. ఆ నవ్వు నాకు ఎంత గొప్పగా అనిపించిందో! ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ మధ్యాహ్నం భోజనానికి ముందు మేమంతా కళ్లు మూసుకున్నాం. ఆకలితో ఉన్నవాళ్లని జ్ఞాపకం చేసుకోమని నాన్నగారు దేవుడికి ప్రార్థన చేశారు...

వానలు వెళ్లాయి. పుస్తకం అయిపోయింది. పెదనాన్నగారు మళ్లీ ఊరు రాలేదు. ఎక్కడో పరాయి రాష్ట్రంలో పోయారని కబురు మాత్రం వచ్చింది. అంతకుముందే, ఆ పుస్తకం అచ్చయ్యాక ఆయనే ఒక కాపీ పోస్టులో పంపారు. అది బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయింది.

నాన్నగారు మంచానపడ్డాక నేను దాన్ని దింపి చదివాను. భిక్షకి వెళ్లిన భిక్షువు నోటితో అడగకూడదు, ఊరికే నిలబడాలి, పెట్టకపోతే కోపం లేకుండా కదిలిపోవాలి అని ఒక పేజీలో ఉంది. మా ఇంటి గురించి ఒక్క ముక్క లేదు. తిట్టినా బాగుండేది.

పాపం, నాన్నగారు తెలియక అలా చేశారు, అన్నగారిది పొగరు కాదని తెలిస్తే మనసు తేలికపడుతుందని, పక్కన కూర్చుని ఆ పేజీ పైకి చదివాను.

"నాకు తెలుసమ్మా" అన్నారాయన. "వచ్చినరోజే చెప్పేడు."

"మరి...?"

"ఒక్కసారి అడిగితే ఆ నేమం పోయినట్టే కదా. ఆ బట్టలు తీసేసి ఇంటికొచ్చేస్తాడనుకున్నాను."

అది కూడా ప్రేమే అంటారు మావాళ్లు. కావచ్చు... నాకు మాత్రం వానలో నిలబడ్డ మనిషీ, దించని పేపరూ కనబడతాయి.

మొన్న ఊళ్లో పెదనాన్నగారి ఫోటోతో ఫ్లెక్సీ కట్టి సభ పెట్టారు. కుటుంబ సభ్యురాలినని నాకు శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను. సత్తెమ్మ వాళ్లని ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు మా గేటుకి బెల్లుంది, కెమెరా ఉంది. వచ్చినవాళ్లు ఎవరో, ఎందుకొచ్చారో నోరు తెరిచి చెబితేగానీ తలుపు తీయం. ఊరికే వచ్చి నిలబడేవాళ్లు ఎలాగూ లేరు.

మీ గుమ్మంలోంచి కూడా ఎవరైనా అలా ఏమీ అనకుండా వెళ్లిపోయి ఉంటే కింద రాయండి... నేను మాత్రం ఇప్పటికీ అమ్మలాగే గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తున్నాను. వేయడానికి బాతులు కూడా లేవు.